కెర్నల్ మెమరీ బగ్గులు, మనం నమ్మే గుర్తులు

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో మెమరీ బగ్ ఒకటి సరిచేశామని ఎవరైనా చెప్పినప్పుడు, క్రాష్ ఎందుకు ఆగిందో మీకు తెలుసా అని అడగడం నాకు అలవాటు. ఈ ప్రశ్న చాలామందికి చిరాకు తెప్పిస్తుంది. పరీక్షలు రెండు రోజులుగా నడుస్తున్నాయి, యంత్రం ఒక్కసారి కూడా పడిపోలేదు, ఇంకేం కావాలంటారు. నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. ఫ్రీ చేసిన, అంటే పని అయిపోయిందని కెర్నల్‌కు తిరిగి ఇచ్చేసిన మెమరీని మళ్లీ వాడే బగ్గుల్లో, ఆ చోటును కెర్నల్ మరొకరికి ఇచ్చే వేళ కొద్దిగా మారినా చాలు, తప్పు ఉన్నచోటే ఉండి లక్షణం మాత్రం మాయమవుతుంది. అందుచేత రెండు రోజుల నిశ్శబ్దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను.

ఇంత గట్టిగా అనడానికి కారణం, ఆ తప్పు స్వయంగా నేనే చేసి ఉండటం. మేము రాసిన ఒక డ్రైవర్‌లో (పరికరాన్ని నడిపే కోడ్‌లో), పరికరాన్ని తొలగించినప్పుడు దాని వివరాలుండే స్ట్రక్చర్‌ను ఫ్రీ చేసేవాళ్లం. కానీ దాని తరఫున అంతకుముందే వర్క్ క్యూలో (తర్వాత నడపాల్సిన పనుల వరుసలో) వేసిన పని ఒకటి ఆ తర్వాత కూడా నడిచేది. క్రాష్ మాత్రం మా డ్రైవర్‌లో కనిపించేది కాదు. ఒకసారి ఫైల్ సిస్టమ్‌లో, మరోసారి నెట్‌వర్క్ కోడ్‌లో బయటపడేది. లైనక్స్‌లో మెమరీని పంచిపెట్టే స్లబ్ అలొకేటర్ దాదాపు ఒకే సైజులో ఉన్న వేర్వేరు ఆబ్జెక్టుల క్యాష్‌లను (వాటికి కేటాయించిన మెమరీ నిల్వలను) కలిపేస్తుంది కనుక, మేము వదిలిన చోటు ఏ సంబంధమూ లేని వాళ్ల చేతికి వెళ్లేది, మా పని తీరిగ్గా వచ్చి వాళ్ల డేటా మీద రాసి పోయేది. వారం రోజులు నేను ఏ పాపం ఎరుగని కోడ్‌నే చదువుతూ కూర్చున్నాను. చివరికి స్లబ్ డీబగ్‌లో పాయిజనింగ్ ఆన్ చేశాక, రిజిస్టర్లలో 6బి అన్న హెక్సాడెసిమల్ బైటు వరుసగా కనిపించింది. ఆ ఆప్షన్ ఉన్నప్పుడు ఫ్రీ అయిన మెమరీని కెర్నల్ నింపేది ఆ విలువతోనే. ఆ వరుసను చూసిన కెర్నల్ ప్రోగ్రామర్‌కు ఏం జరిగిందో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

అసలు చెప్పుకోవలసింది ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యం గురించి. ఫ్రీ చేసిన వెంటనే పాయింటర్‌ను (ఆ మెమరీ చిరునామాను) నల్, అంటే ఖాళీ చేసి, పని మొదట్లో ఒక నల్ చెక్ పెట్టాను. క్రాష్‌లు ఆగాయి, నేనూ సంతోషించాను, కొన్ని వారాలకు అవి మళ్లీ వచ్చాయి. చెక్ దాటిన తర్వాత, వాడకం పూర్తయ్యేలోపు మరో సీపీయూ ఆ మెమరీని ఫ్రీ చేస్తే ఆ చెక్ ఎందుకూ కొరగాదు. పైగా అదే పాయింటర్ నకలు ఇంకెక్కడైనా దాచి ఉంటే దానికి ఈ నల్ సంగతే తెలియదు. పాయింటర్ నల్ కాకపోవడం ఒక గుర్తు మాత్రమే. ఆబ్జెక్ట్ ఇంకా బతికి ఉండటం వేరే విషయం. ఆ రెండూ ఒకటేనని నేను అనుకున్నాను.

ఆ తర్వాత ఫ్రీకి ముందు, క్యూలోని పనిని రద్దు చేసే క్యాన్సెల్ వర్క్ సింక్ అనే ఫంక్షన్‌ను పిలిచాను. నడుస్తున్న పని పూర్తయ్యేదాకా అది ఆగుతుంది, మంచిదే. కానీ ఒక మ్యూటెక్స్‌ను (ఒకసారికి ఒకరికే దారి ఇచ్చే తాళాన్ని) పట్టుకుని ఉండగా దాన్ని పిలిచాను, ఆ పనికి కావలసినదీ అదే మ్యూటెక్స్. తాళాల వాడకంలో తప్పులు పట్టే లాక్‌డెప్ వెంటనే హెచ్చరించింది. అది లేకుంటే ఒక క్రాష్‌ను ఒకరి కోసం ఒకరు ఎప్పటికీ ఆగిపోయే డెడ్‌లాక్‌గా మార్చి, బగ్ తీరిందని మళ్లీ ప్రకటించి ఉండేవాడిని. చివరకు నిలిచింది రిఫరెన్స్ కౌంట్, అంటే ఆబ్జెక్ట్‌ను ఇంకా ఎంతమంది వాడుతున్నారన్న లెక్క. పనిని క్యూలో వేసేటప్పుడే ఒక రిఫరెన్స్ తీసుకోవడం, పని ముగిశాక దాన్ని వదలడం, లెక్క సున్నాకు చేరినప్పుడే ఫ్రీ చేయడం, పరికరం పోయిందన్న విషయాన్ని అదే మ్యూటెక్స్ కింద ఒక ఫ్లాగ్‌లో రాసిపెట్టడం. ఆ మెమరీ ఎవరి అధీనంలో ఉందో ఇప్పుడు ఊహించనక్కరలేదు, కోడ్‌లోనే రాసి ఉంది.

నాలాంటి వాడి డ్రైవర్ సంగతి సరే, కెర్నల్ నడిబొడ్డున ఇలాంటివి జరగవని అనుకునేవారు డర్టీ కౌ అనే లైనక్స్ భద్రతా లోపం చరిత్ర చూడాలి. సీవీఈ-2016-5195 అన్నది దాని అధికారిక సంఖ్య. ఒక ప్రాసెస్ తన మెమరీలోకి ప్రైవేట్‌గా మ్యాప్ చేసుకున్న ఫైలు పేజీ (మెమరీ ముక్క) మీద రాయబోతే కెర్నల్ నకలు తీసి ఆ నకలునే ఇవ్వాలి, అసలు పేజీ చెక్కుచెదరకూడదు. అయితే నకలు తీశాక, మరుసటి ప్రయత్నంలో పేజీని వెతికేటప్పుడు, రాయడం కోసమన్న ఫ్లాగ్‌ను కోడ్ తీసేసేది. ఆ సందులో ఇంకో థ్రెడ్ మ్యాడ్‌వైజ్ కాల్‌తో నకలును పారేస్తే, చేతికి వచ్చేది అసలు ఫైలు పేజీయే. రాసే అనుమతి లేని ఫైలు మీద మామూలు యూజర్ రాసేయగలిగేవాడు. ఈ లోపం 2016 దాకా ఏళ్ల తరబడి ఉంది. దీన్ని అప్పటికి 11 ఏళ్ల కిందటే సరిచేయబోయి సరిగా చేయలేకపోయాననీ, ఐబీఎమ్ ఎస్390 యంత్రాల మీద వచ్చిన ఇబ్బందుల వల్ల ఆ మార్పు వెనక్కి పోయిందనీ లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన ప్యాచ్ (సవరణ కోడ్) వివరణలోనే రాశారు. అంత నిజాయితీగా రాసిన ప్యాచ్ వివరణలు అరుదు.

నాకు అంతకన్నా ఆసక్తి కలిగించేది దాని తర్వాతి కథ. 2016 సవరణలో, నకలు తీశామని చెప్పే కొత్త ఫ్లాగ్ ఒకటి పెట్టి, ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పేజ్ టేబుల్ ఎంట్రీలో డర్టీ బిట్ ఉంటే ఆ నకలు ఇంకా ఉన్నట్టేనని తీసుకున్నారు. డర్టీ బిట్‌కు ఉన్న అర్థం అది కాదు, పేజీ మీద ఏదో రాశారని మాత్రమే. 2017లో, పెద్ద పేజీల కోడ్‌లో నకలు తీయకుండానే ఎంట్రీని డర్టీ చేసే దారి బయటపడింది, అది సీవీఈ-2017-1000405. 2022లో షేర్డ్ మెమరీ వైపు మళ్లీ అదే జరిగింది, ఎందుకంటే ఇంకెక్కడో చేసిన ఒక మార్పు ఎంట్రీని ప్రతిసారీ డర్టీగానే పెట్టడం మొదలుపెట్టింది. అది సీవీఈ-2022-2590. ఆ మార్పు రాసినవారిని నేను తప్పుపట్టను. డర్టీ బిట్ మీద ఇంకెవరో భద్రతను ఆధారం చేసుకున్నారని వాళ్లకు ఎలా తెలుస్తుంది? చివరికి, ఈ అనామక (ఏ ఫైలుకూ చెందని) పేజీ పూర్తిగా ఈ ప్రాసెస్ సొంతమని సూటిగా చెప్పే గుర్తింపు 5.19 కెర్నల్‌లో వచ్చాక, దాన్నే ఆధారం చేసుకుని 2016 నాటి ఫ్లాగ్‌ను తొలగించారు.

పనిముట్లు ఉన్నాయి కదా అంటారు. మెమరీ తప్పులు పట్టే కేఏశాన్ ప్రతి 8 బైట్లకు ఒక షాడో బైటు (వాటిని వాడవచ్చో లేదో చెప్పే గుర్తు) పెట్టి, మెమరీని ఎవరు తీసుకున్నారో, ఎవరు ఫ్రీ చేశారో స్టాక్ ట్రేస్‌తో సహా చూపిస్తుంది. నేను అది లేకుండా పనిచేయలేను. కానీ దాని వల్ల యంత్రం నెమ్మదించడంతో కొన్ని రేస్‌లు (రెండు పనుల వేళ కలిస్తేనే బయటపడే తప్పులు) అసలు కనిపించకుండా పోతాయి. పైగా ఎవరు ఫ్రీ చేశారో చెప్పగలదు కానీ, ఎవరు చేసి ఉండవలసిందో చెప్పలేదు. అది ఆ కోడ్ రాసినవాళ్లే చెప్పాలి.

సర్వర్లు పడిపోతున్నప్పుడు తాత్కాలికంగా అడ్డుకట్ట వేయడం తప్పని నేను అనను, ఆ ప్యాచ్ వివరణలో అది అడ్డుకట్టేనని రాసినంత వరకు. అలా రాయనివి నా దగ్గరకు వస్తే, క్రాష్ జరిగిన క్షణంలో ఆ మెమరీ ఎవరి సొంతమో ఒక్క వాక్యంలో రాసి పంపమని వెనక్కి తిప్పుతున్నాను. కొందరు కోప్పడతారు. కొందరు మాత్రం ఆ వాక్యం రాయబోయి, రాయలేక, నాలుగు రోజుల తర్వాత పూర్తిగా వేరే ప్యాచ్‌తో వస్తారు.