మస్టాంగు కడసీలకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ సి-క్లిప్పు గారి సముఖమునకు, డాలస్ శివారులోని ఒక గరాజు నుండి తమరి మీద బ్రతుకు ఆనించుకున్న యజమాని నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమమే, నా బ్యాంకు ఖాతా మాత్రం కాదు. అక్కడ, అంటే వెనుక ఇరుసు లోపల, చిక్కని గేరు నూనెలో మునిగి ఉన్న తమరు కూడా క్షేమమేనని తలుస్తున్నాను. తలచడం తప్ప మరో దారి లేదు. తమరి దర్శనం కావాలంటే ఇరుసు నడుమ ఉన్న పళ్ళ చక్రాల పెట్టె, అంటే డిఫరెన్షియల్, మూత విప్పి నూనె అంతా పళ్ళెంలోకి దించాలి.

తమరి ఉద్యోగం ఎరుగని వారి కోసం రెండు మాటలు చెప్పాలి. తమరు గుర్రపు నాడా ఆకారంలో ఉండే, గుప్పిట్లో దాచుకోగలిగినంత ఉక్కు ముక్క. చక్రాన్ని తిప్పే షాఫ్టు లోపలి కొసన ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో తమరు కూర్చుని, షాఫ్టు బయటికి జారిపోకుండా పట్టుకుంటారు. చక్రమూ, బ్రేకు డ్రమ్మూ ఆ షాఫ్టు బయటి కొసకే బిగించి ఉంటాయి గనుక, చక్రం కారుతో పాటు వస్తున్నదంటే అది తమరి దయ. ఎడ్లబండికి కడసీల ఏమిటో, నా 1987 ఫోర్డ్ మస్టాంగు కారుకు తమరూ, అవతలి పక్కన ఉన్న తమరి కవల సోదరులూ అదే. తేడా ఒక్కటే. బండివాడు ఊరు దాటే ముందు కడసీలను చేత్తో తడిమి, వదులనిపిస్తే రాతితో నాలుగు దెబ్బలు వేసి బయలుదేరతాడు. నేను మూడేళ్ళుగా తమరి ముఖం చూడలేదు.

ఇందులో తమరిని తయారు చేసిన వారి తప్పు రవ్వంత కూడా లేదు. ఐదు లీటర్ల ఇంజిను 225 హార్స్‌పవర్ ఇస్తుందని, ఆ కారులో ఎవరో ఆఫీసుకూ, కూరగాయలకూ, ఎప్పుడైనా సరదాకు హైవే మీదికీ వెళ్తారని లెక్క కట్టి, ఆ లెక్కకు సరిపడా తమరిని పెట్టారు. ఆ లెక్క తప్పించింది నేను.

అసలు ఈ కారులో అందరి ప్రాణాలూ కాపాడిన ఫ్యూజు ఏదంటే, వెనుక టైరే. నా సరదా డ్రాగ్ రేసు, అంటే పావు మైలు తిన్నగా దూసుకుపోయే కార్ల పందెం. సన్నని వీధి టైర్లతో బయలుదేరే గీత దగ్గర నిలబడి, ఇంజినును అరిపించి, క్లచ్చి మీది కాలు ఒక్కసారి తీసేస్తే టైర్లు పొగలు చిమ్ముతూ ఉన్నచోటనే తిరిగేవి, చూసేవారు నవ్వేవారు, నేను సిగ్గుపడేవాణ్ణి, కారులో మాత్రం ఒక్క మర కూడా కదిలేది కాదు, ఎందుకంటే బలమంతా పొగగా పోయేది. ఆ సిగ్గు భరించలేక నేను మొట్టమొదట కొన్నది జారని టైర్లు. పైగా, డాలస్‌కు దక్షిణాన ఎన్నిస్‌లో 1986లో కట్టిన టెక్సస్ మోటర్‌ప్లెక్స్ పావు మైలు పొడవునా కాంక్రీటు పరచిన పందెపు బాట. డ్రాగ్ రేసరు ఎడ్డీ హిల్ 1988 ఏప్రిల్‌లో 4.990 సెకన్లలో ఆ పావు మైలు ముగించి, ఐదు సెకన్ల గోడను తొలిసారి దాటినది అక్కడే. అలాంటి రబ్బరు పేరుకున్న నేల మీద జారని టైరు పెట్టుకుంటే, మునుపు పొగగా పోయిన బలమంతా వెనక్కి తిరిగి, ఎవరు విరుగుతారా అని ఇరుసు నుండి ఇంజిను వరకు ఒక్కొక్కరినీ పలకరించడం మొదలుపెడుతుంది.

లెక్క వేసి చూశాను. ఇంజిను ఇచ్చే తిప్పుడు బలం 300 పౌండ్-అడుగులు. మొదటి గేరు దాన్ని 3.35 రెట్లు చేస్తుంది. త్వరగా ముందుకు దూకాలని ఇరుసులో నేను వేయించిన 3.73 పళ్ళ నిష్పత్తి దాన్ని మళ్ళీ పెంచుతుంది. మొత్తం సుమారు 3,750. ఇది ఇంజినులోకి గాలిని బలవంతంగా కూరి బలం పెంచే సూపర్‌చార్జరు పెట్టక ముందు మాట. పెట్టిన తరువాత లెక్క వేయడం మానేశాను.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లి పాల కోసం ఆవును, ఆవును కాయడానికి మనిషిని, చివరకు నిండు సంసారాన్నే తెచ్చుకున్న సన్యాసి కథ తమరు వినే ఉంటారు. ఆయన నాకు గురువు. టైరు జారడం మానగానే క్లచ్చి జారింది. క్లచ్చి గట్టిది వేయించగానే, పుట్టుకతోనే ఈ ఇంజినుకు అంతంతమాత్రంగా సరిపోయిన ఐదు గేర్ల పెట్టె మూలిగింది. దాని చోట లావుపాటిది పెట్టాను. గేర్ల పెట్టె నుండి వెనుక ఇరుసుకు బలం చేర్చే డ్రైవ్ షాఫ్టు ముందు జాయింటు విరిగితే ఆ గొట్టం నేలకు గుచ్చుకుని కారును గెడ మీద ఎగిరినట్టు ఎగరేస్తుందని భయపెట్టారు గనుక, దాని చుట్టూ ఇనుప ఉంగరం తొడిగాను. వెనుక ఇరుసును మోసే చేతులు తగులుకున్న చోట రేకు చిరుగుతుందని ఆ మూలలకు మందపాటి పలకలు వెల్డింగ్ చేయించాను. కారు నడుము మెలి తిరిగి తలుపులు సరిగా పడడం లేదని, ముందు ఫ్రేమునూ వెనుక ఫ్రేమునూ కలుపుతూ నిలువు దూలాలు వేయించాను. ఇక ఇంజిను దిమ్మ సంగతి. 500 హార్స్‌పవర్ దాటించిన వారిలో చాలామందికి అది జరాసంధుడిలా నిలువునా రెండుగా చీలింది. జరాసంధుణ్ణి అతికించడానికి ఒక జర ఉండేది, నా పేటలో అటువంటి వెల్డరు లేడు. అందుకే ఆ ఒక్క చోట బుద్ధిమంతుడిలా 400 దగ్గర ఆగాను.

ఇంత చేసినా దీనిని ‘వీధి కారు’ అనే పిలుస్తాను. ఏసీ బరువని తీసేశాను. వెనుక సీటు ఉన్న చోట ఇప్పుడు రోల్ బారు, అంటే కారు బోల్తా పడితే తల కాపాడే ఇనుప కమ్మీ, ఉంది. పావు మైలును 11.49 సెకన్లలో గాని, అంతకన్నా వేగంగా గాని ముగించే ఇటువంటి పాత కార్లకు అది తప్పనిసరి. ఆగస్టు మధ్యాహ్నం అద్దాలు దించుకుని, చెమట తుడుచుకుంటూ, కిరాణా కొట్టుకు వెళ్ళి ఒక్క పెరుగు డబ్బా తెచ్చుకుంటాను. నంబరు ప్లేటు ఉంది, హారను మోగుతుంది. ఇంకేం కావాలి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పోయిన శనివారం నాకు 11.08 వచ్చింది. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం ప్రకారం 10.99 గాని, అంతకన్నా తక్కువ గాని వచ్చే కారులో ఫ్యాక్టరీ షాఫ్టులు ఉండరాదు, వాటిని పట్టి ఉంచే పని తమరి మీద వదిలేయరాదు. అంటే 11.00 దగ్గర తమరు గౌరవనీయులు, సెకనులో నూరవ వంతు అవతల తమరు నేరస్థులు. తనిఖీ చేసే పెద్దమనిషి కారు కిందికి వంగి చూసి, “లోపల ఇంకా క్లిప్పులేనా?” అని అడిగాడు. ఔనన్నాను. ఆయన ఏమీ అనలేదు, కారుకు రెండడుగులు ఎడంగా జరిగి నిలబడ్డాడు. ఆ తరువాత నేను చేసిన పని తమరితో తప్ప ఎవరితోనూ చెప్పుకోలేను. వేలకు వేల డాలర్లు పోసి వేగం కొనుక్కున్నవాణ్ణి, ముగింపు గీతకు వంద అడుగుల ముందే కాలు తీసేసి, 11 సెకన్ల లోపు రాకుండా జాగ్రత్తపడ్డాను.

నిజానికి తమరిని నిందించడం కూడా అన్యాయమే. మెలిపెట్టే బలం మోసేది షాఫ్టు, తమరు కాదు. షాఫ్టు మధ్యలో తెగితే లోపలి ముక్కను తమరు చివరిదాకా విశ్వాసంగా పట్టుకునే ఉంటారు, బయటి ముక్క మాత్రం చక్రాన్నీ డ్రమ్మునూ వెంటబెట్టుకుని నాకంటే ముందు గీత దాటుతుంది. తమరి బదులు బేరింగును బయటి కొసనే బంధించే బిళ్ళలు దొరుకుతాయి, కాని వీధిలో మలుపులు తిరిగే కార్లలో అవి నూనె కారుస్తాయని అనుభవజ్ఞులు చెప్పారు. ఇరుసు కొసలు కోసి, 1957 నుండి ఎన్నో ఏళ్ళు వచ్చిన తొమ్మిదంగుళాల ఇరుసు తరహా కొసలు వెల్డింగ్ చేయించి, లావుపాటి షాఫ్టులు వేయించడమే సరైన దారి. దానికి డబ్బు కావాలి.

దేవదానవ యుద్ధంలో దశరథుడి రథానికి సీల ఊడిపోతే కైక తన వేలు పెట్టి ఆపిందని మా నాయనమ్మ చెప్పేది. నా భార్య వేలు పెట్టలేదు, తన బోనసు పెట్టింది. కొత్త షాఫ్టులు వచ్చి పెట్టెలలోనే ఉండగా, రెండు వరాలు అడిగింది. మొదటిది, వడగళ్ళ కాలం వచ్చేలోగా గరాజులో తన కారుకు పట్టాభిషేకం. రెండవది, మస్టాంగుకు పదునాలుగేళ్ళ వనవాసం. బ్రతిమాలి పదునాలుగు నెలలకు ఒప్పించాను. ఊరి బయట ఒక అద్దె షెడ్డు కుదిరింది. సోమవారం ఉదయం సుమంత్రుడు టో ట్రక్కు తీసుకుని వస్తున్నాడు. అంతవరకూ, ఆ తరువాత కూడా, తమరు ఆ గాడిలో కదలకుండా కూర్చోవలసినదిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి విధేయుడు,
11.08