థైరాయిడ్ గడ్డకు పాయింట్లు వేయడం టెక్నీషియన్‌కు ఎందుకు నేర్పరు?

మెడకు అల్ట్రాసౌండ్ స్కాన్ చేసేది టెక్నీషియన్, రిపోర్టు రాసేది డాక్టర్. ఈ పద్ధతి ఉన్న చోటల్లా వినిపించే మాట ఒకటే: "నువ్వు బొమ్మలు సరిగ్గా తీస్తే చాలు, ఏ కేటగిరీయో మేం చూసుకుంటాం." వింటే ఒళ్లు మండుతుంది. ఎక్కడ ఆపి బొమ్మ తీయాలో, ఏది వదిలేయాలో తేల్చేది ప్రోబ్ (మెడ మీద ఆనించి కదిపే స్కాన్ పరికరం) పట్టుకున్న మనిషే కదా! సగం తీర్పు అక్కడే అయిపోతోంది. దానికి శిక్షణ మాత్రం అక్కర్లేదట.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ గడ్డ మీద క్యాన్సర్ అనుమానం ఎంతో లెక్కగట్టడానికి 2017లో తెచ్చిన టైరాడ్స్ పద్ధతినే తీసుకోండి. గడ్డలో ఉన్నది ద్రవమా కణజాలమా, ఎంత నల్లగా కనిపిస్తోంది, ఆకారం, అంచు, లోపలి తెల్ల చుక్కలు. ఈ ఐదింటికీ పాయింట్లు వేసి కూడితే టీఆర్1 (అనుమానం లేనిది) నుంచి టీఆర్5 (అనుమానం ఎక్కువున్నది) దాకా ఏదో ఒక కేటగిరీ తేలుతుంది. కూడిక ఎవరికైనా వస్తుంది, కష్టమంతా చూసి గుర్తుపట్టడంలోనే. చార్టు గోడకు అంటించి ట్రైనింగ్ అయిపోయిందనుకునే వాళ్లతోనూ నాకు గొడవే.

1.2 సెంటీమీటర్ల గడ్డ ఒకటి ఉందనుకోండి. ద్రవం లేదు, అంతా కణజాలమే: 2. చుట్టూ ఉన్న థైరాయిడ్ కన్నా నల్లగా ఉంది: ఇంకో 2. మొత్తం 4, అంటే టీఆర్4. 1.5 సెంటీమీటర్లు లేదు కాబట్టి సూది గుచ్చి కణాలు తీసి పరీక్షించక్కర్లేదు, కొన్నాళ్లకు మళ్లీ స్కాన్ చేస్తే చాలు. అదే గడ్డలో సన్నటి తెల్ల చుక్కలున్నాయని రాస్తే మరో 3 కలుస్తాయి. మొత్తం 7. టీఆర్5. సెంటీమీటరు దాటింది కాబట్టి సూది పరీక్షే. ఇంతకీ అది కాల్షియం చుక్కా, వెనక పొడవుగా తోకలా గీత కనిపించే కొల్లాయిడా (థైరాయిడ్‌లో మామూలుగా ఉండే జిగురు పదార్థం)? అలాంటి పెద్ద తోక ఉంటే సున్నా. ప్రోబ్ కాస్త వంచాలి, ఫోకస్ సరిచేయాలి, కాంపౌండ్ ఇమేజింగ్ (పలు కోణాల బొమ్మలు కలిపి చూపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే తోక మసకబారుతుంది కనుక ఒకసారి ఆపి చూడాలి. పేషెంటు లేచి వెళ్లిపోయాక డాక్టర్ ఇవన్నీ ఎలా చేస్తారు?

అంచుదీ ఇదే గొడవ. మసగ్గా కనిపిస్తే చాలు, కొత్తవాళ్లు కంగారుపడతారు. మసక అంచుకు ఇందులో సున్నా. వంకరటింకరగా ఉంటేనే 2.

"వాళ్లకు నేర్పితే ప్రతి గడ్డా క్యాన్సర్‌లా కనిపిస్తుంది, పేషెంట్లకు లేనిపోని టెన్షన్" అంటారు కొందరు. భయం ఊరికే పుట్టలేదు. దక్షిణ కొరియాలో థైరాయిడ్ స్కాన్లు విరివిగా చేశాక, 2011 నాటికి ఈ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే దాదాపు 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం ఇంచుమించు అలాగే ఉన్నాయి. కానీ అక్కడ జరిగింది అవసరం లేని వాళ్లకు కూడా స్కాన్ చేయడం. ఏ గడ్డను వదిలేయవచ్చో చెప్పడానికే కదా ఈ పాయింట్లు పుట్టింది?

సంతకం డాక్టరుదే, అందులో నాకు పేచీ లేదు. వర్క్‌షీట్‌లో ఐదు గళ్లు పెట్టండి. టెక్నీషియన్ నింపాలి, డాక్టర్ మారిస్తే ఎందుకు మార్చారో ఒక్క లైను రాయాలి. సూది పరీక్ష ఫలితం ఆ స్కాన్ చేసిన మనిషికీ చేరాలి. చాలాచోట్ల అది చేరదు. తాను అనుమానించిన చుక్క చివరికి ఏమని తేలిందో తెలియకుండానే ఏళ్లకేళ్లు స్కాన్లు చేస్తుంటారు, మళ్లీ వాళ్లకే "అనుభవం లేదు" అన్న మాట!