మెట్లెక్కలేనివారికి డూప్లెక్సు ఎందుకు?

లోపలే మెట్లున్న రెండంతస్తుల డూప్లెక్సు ఇల్లు కొందామని వెళ్లి, హాలులో కాలు పెట్టగానే "కింద బాత్రూమ్ ఎక్కడండీ?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు జాలి కలుగుతుంది. ఎదురుగా రెండంతస్తుల ఎత్తున పైకప్పు, దాని నుంచి వేలాడే షాండ్లియర్, కాలు జారేంత నున్నని ఇటలీ పాలరాయి, మూలన అరమోడ్పు కన్నులతో బుద్ధుడి తల. ఇన్ని ఉండగా మనిషి బుద్ధి అక్కడికే ఎలా పోతుంది? బిల్డరు కూడా పాపం నొచ్చుకుంటాడు. "పైన నాలుగున్నాయి సార్, నాలుగూ అటాచ్డే" అంటాడు. ఇంట్లో ఉండబోయేది ముగ్గురు. తలకొకటి పోగా ఇంకొకటి మిగులుతుంటే కింద కూడా కావాలనడం అత్యాశ కాక మరేమిటి?

ఇంత ముఖ్యమైన విషయం మీద మన సమాజంలో గంభీరమైన చర్చ జరగకపోవడం శోచనీయం. ఆ లోటు తీర్చడానికి, కింది అంతస్తు మరుగుదొడ్డికి వ్యతిరేకంగా నా వాదనను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మొదట వాస్తు శాస్త్రం. హైదరాబాదు శివార్లలో నూటయాభై గజాల స్థలం తీసుకోండి. ముప్పై అడుగుల ముఖం, నలభై అయిదు అడుగుల లోతు. ఈశాన్యం ఈశ్వరుడిది, అక్కడ బోరు, సంపు, పూజగది. ఆగ్నేయం అగ్నిదేవుడిది, అక్కడ వంటిల్లు. నైరుతి ఇంటి యజమానిది, అక్కడ బరువుండాలి కాబట్టి ఆయన మంచం, బీరువా. నడిమధ్య బ్రహ్మస్థానం, అక్కడ ఏమీ ఉండకూడదు. సోఫాసెట్టుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఇక మిగిలింది వాయవ్యం. అక్కడ పెట్టుకోవచ్చని సిద్ధాంతిగారు కూడా ఒప్పుకుంటారు. కానీ కారు ఎక్కడ నిలపాలి? ప్రాచీన జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు తన గ్రంథం బృహత్సంహితలో ఇంటి స్థలాన్ని 81 గళ్లుగా విడగొట్టి 45 మంది దేవతలకు పంచిపెట్టాడు. మనం నలభై ఆరో దేవతగా కారును చేర్చుకున్నాం. ఇంతమందికి మర్యాదలు జరిగాక మానవ శరీరానికి చోటు మిగల్లేదంటే, ఆ తప్పు శరీరానిదే.

కావలసిన చోటు ఎంత అని కొందరు లెక్కలు తీస్తారు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం మరుగుదొడ్డికి కనీస వైశాల్యం 1.1 చదరపు మీటర్లు, అంటే దాదాపు 12 చదరపు అడుగులు. చదరపు అడుగు 8 వేలు అనుకుంటే 96 వేల రూపాయలు. ఆ సొమ్ముతో మెట్ల పక్క గోడకు చెక్క పలకలు అతికించి, వాటి వెనక నీలిరంగు దీపాలు పెట్టించవచ్చు. గృహప్రవేశానికి వచ్చినవారు దీపాల ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. మరుగుదొడ్డి ముందు ఎవరు దిగుతారు?

పాశ్చాత్యుల సంగతి వేరు. ఇంగ్లండులో 1999 నుంచి కొత్తగా కట్టే ఇళ్లలో, సాధారణంగా గుమ్మం ఉన్న అంతస్తులోనే ఒక మరుగుదొడ్డి ఉండి తీరాలని భవన నిబంధన ఉంది. చక్రాల కుర్చీలో వచ్చిన అతిథి కూడా వాడుకోగలగాలట. అతిథి చక్రాల కుర్చీలో వస్తాడని ముందే ఊహించడం ఎంత అపశకునం! మనవాళ్లయితే "శుభమా అని ఇల్లు కట్టుకుంటుంటే ఆ మాటలేమిటి" అని చెవులు మూసుకుంటారు.

అమెరికాలో మన పిల్లలు ఇల్లు కొన్నప్పుడు "రెండున్నర బాత్రూములు" అని చెబితే ఇక్కడ తండ్రికి ఆ అర దగ్గర గుండె కలుక్కుమంటుంది. సగం కట్టి ఆపేశారా, డబ్బు చాల్లేదా, పొలం అమ్మి పంపాలా అని కంగారు. స్నానానికి వీల్లేకుండా ఒక కమోడూ ఒక సింకూ మాత్రమే ఉన్న గదిని అక్కడ అరగా లెక్కిస్తారని, అది తరచు కిందే ఉంటుందని ఆయన వెళ్లాక తెలుసుకుంటాడు. మోకాళ్ల నొప్పులతో అక్కడ గడిపిన అయిదారు నెలలూ ఆయన పరువును కాపాడేది ఆ అరే. తిరిగి వచ్చి పిల్లలు పంపిన డబ్బుతో డూప్లెక్సు కొనేటప్పుడు మాత్రం ఆయన దాని ఊసెత్తడు. విదేశీ అలవాట్లు విదేశంలోనే వదిలి రావాలన్న సంస్కారం ఆయనది.

మన సంస్కారం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. మన తాతల కాలంలో, ఉన్నవాళ్ల ఇళ్లలో ఆ గది పెరటి కొసన ఉండేది. ఇంటికీ దానికీ మధ్య బావి, అరటిచెట్లు, పశువుల పాక. దాని వెనక గోడకు చిన్న తలుపు, ఆ తలుపు వెనక ఒక సందు. ఆ సందులోంచి ఎవరో వచ్చి శుభ్రం చేసి వెళ్లేవారు. ఇంట్లోవాళ్లకు ఆ మనిషి ముఖం తెలియదు, పేరు అంతకన్నా తెలియదు. ఆ పని మనుషులతో చేయించకూడదని 1993లో చట్టం వచ్చింది. ఒకసారి చెబితే మనకు వినపడలేదని 2013లో మరో చట్టం చేశారు. ఈలోగా ఫ్లష్షు, సెప్టిక్ ట్యాంకు వచ్చి ఆ గది పెరడు దాటింది, వసారా దాటింది, మెట్లెక్కి నేరుగా పడకగదిలోకి చేరింది. ఇప్పుడు మంచానికి అయిదడుగుల దూరంలో దాన్ని పెట్టుకుని నిద్రపోవడం హోదా. భోజనాల బల్లకు పదిహేను అడుగుల దూరంలో ఉంటే మాత్రం మైల.

కొందరు బలహీనులు మెట్ల కింద కట్టించుకుంటారు. పైకప్పు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఎంతటివాడైనా అక్కడ తల వంచవలసిందే. తలుపు తీస్తే ఎదురుగా భోజనాల బల్ల. లోపలికి వెళ్లిన పెద్దమనిషి మర్యాద కోసం కొళాయి పూర్తిగా తిప్పుతాడు. బయట ఉన్నవారు అదే మర్యాద కోసం టీవీ శబ్దం పెంచుతారు. ఏడాది తిరిగేసరికి ఆ గదిలో చీపుర్లు, మాపు కర్ర, ఖాళీ గ్యాసు బండ, పోయినేడాది దీపావళి ప్రమిదలు చేరతాయి. ఇంకొందరు మధ్యేమార్గం పట్టి కింది పడకగదికి అటాచ్డ్ పెట్టిస్తారు. సత్యనారాయణ వ్రతానికి వచ్చిన నలభై మందీ వరసగా మామ్మగారి మంచం పక్కనుంచే వెళ్లిరావాలి. మామ్మగారికి ఇంత కాలక్షేపం మరే విధంగానూ దొరకదు.

అసలు లేకపోవడంలో ఉన్న లాభాలు చూడండి. మధ్యాహ్నం వచ్చిన చుట్టం మూడింటికల్లా "ఇక బయలుదేరతాం" అంటాడు. రెండోసారి కాఫీ ఇస్తామంటే చేతులు జోడిస్తాడు. పాలపొడి ఖర్చు మిగులుతుంది, బంధుత్వాలు చిన్నవిగా, ఆరోగ్యంగా ఉంటాయి. మగవారికైతే ఈ చర్చే అనవసరం. వీధి గోడలన్నీ వారి కింది అంతస్తు మరుగుదొడ్లే. అందుకే గోడల మీద అన్ని మతాల దేవుళ్ల బొమ్మలున్న పెంకులు అతికించి, పురుషుల భక్తిని పరీక్షిస్తున్నాం. ఆడవారు ఇంకా ముందుచూపు ఉన్నవారు. పేరంటానికి వెళ్లాలంటే పొద్దుటి నుంచే మంచినీళ్లు మానేస్తారు. ఎండాకాలం పెళ్లిళ్లలో పట్టుచీరలు కట్టుకుని, నాలుక పిడచకట్టుకుపోతున్నా "ఇప్పుడేమీ వద్దండీ, ఇంట్లో తాగే వచ్చాం" అని చిరునవ్వు నవ్వే మన తల్లుల ఓర్పు ముందు ఏ తపస్సు నిలుస్తుంది? కింద ఒక గది కడితే ఈ ఓర్పంతా ఒక్క తరంలో అంతరించిపోతుంది.

పనిమనిషి సంగతేమిటని మీరు అడుగుతారని నాకు తెలుసు. పొద్దున ఏడింటికి వచ్చి, నాలుగిళ్లు చేసుకుని, మధ్యాహ్నం రెండింటికి వెళుతుంది. పైన ఉన్న నాలుగు బాత్రూములూ ఆమే కడుగుతుంది. కడగడానికి ఆమెకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చాం. అపార్టుమెంటులో ఉండేవారు ఈ విషయంలో ఇంకా పురోగమించారు. అక్కడ నేల అంతస్తంతా కార్లకు వదిలేస్తే, ఒక మూల వాచ్‌మన్ కుటుంబానికి ఒక గది, దానికి కాస్త దూరంగా రేకు తలుపుతో ఒక దొడ్డి. వాచ్‌మన్ కుటుంబం, డ్రైవర్లు, పనివాళ్లు, సామాన్లు తెచ్చే కుర్రాళ్లు అందరికీ కలిపి అదొక్కటే. పై అయిదంతస్తులలో ఎన్ని మరుగుదొడ్లున్నాయో అమ్మకపు కాగితంలో రాసి ఉంటుంది. కింద ఉన్న ఆ ఒక్కదాని ఊసు అందులో ఉండదు. కొన్నవారిలో చాలామంది దాని తలుపు ఏ వైపుకు తెరుచుకుంటుందో కూడా చూసి ఉండరు.

చివరిగా పెద్దవాళ్లు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలంటారు కాబట్టి 19 అనుకుందాం. షుగరున్న డెబ్బై ఏళ్ల తల్లి, కింది హాలులో దివాను మీద పడుకుని, రాత్రి మూడుసార్లు లేస్తే 57 మెట్లు ఎక్కడం, 57 దిగడం. డాక్టరు రోజూ నడవమన్నాడు, కొడుకు ఏర్పాటు చేశాడు. పార్కుకు వెళ్లనవసరం లేదు, చినుకు పడినా ఆగనవసరం లేదు. ఒకవేళ పాలరాయి మీద కాలు జారితే ఆరోగ్య బీమా ఉండనే ఉంది. తుంటి ఎముక విరిగితే ఆమెను ఎక్కడ పడుకోబెడతారు అంటారా? కిందే. మెట్లెక్కలేదు కదా.

ఇంత చెప్పినా వినని మొండివారు కొందరుంటారు. వారికి బిల్డరు దగ్గర ఆఖరి జవాబు ఒకటుంది. ఇంట్లో లిఫ్టు పెట్టుకోండి అంటాడు. అది పైకి, కిందికి వెళ్లడానికి కట్టే గూడు నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు అనుకున్నా 16 చదరపు అడుగులు. 12 అడుగుల గదికి లేని చోటు 16 అడుగుల గూటికి ఎలా వచ్చిందని అడిగితే ఆయన నవ్వి, "డిజైన్ మార్చుకోవచ్చు సార్" అంటాడు. కరెంటు పోతే లోపలున్న అమ్మగారి గతేమిటంటే ఇన్వర్టరు తగిలిస్తానంటాడు. మరి ఆ ఇన్వర్టరూ దాని బ్యాటరీలూ ఎక్కడ పెట్టాలి అంటే, ఆయన క్షణం కూడా తడుముకోకుండా మెట్ల కింద ఖాళీ చోటు చూపిస్తాడు. "చూశారా సార్, గాలీ వెలుతురూ బాగా వస్తాయి. పక్కనే నీళ్ల పైపు కూడా ఉంది, ఎందుకైనా పనికొస్తుంది."