మూడు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే తాగుడు పోతుందా?

ఈమధ్య అనంతపురం, కర్నూలు వైపు ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: తాగుడు రోగం కాదు, రోషం లేకపోవడం. తాగేవాణ్ని మూడు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే చచ్చినట్టు మానేస్తాడు. లొంగకపోతే తెలియకుండా అన్నంలో పొడి కలపాలి. నెల్లాళ్లు ముట్టకపోతే నయమైనట్టే, ఆ తర్వాత తాగితే అది కొవ్వు. చివర్లో, ఇంటి ఆడది గట్టిగా ఉంటే మగవాడు తాగడని ఒక చురక.

ముందు తాళం సంగతి చూద్దాం. పండక్కో పబ్బానికో తాగేవాడికి మూడు రోజులు మందు లేకపోతే ఏమీ కాదు. పొద్దున లేస్తూనే క్వార్టర్ పడితే గానీ చేతివణుకు ఆగనివాడి కథ వేరు. మందు మెదడును జోకొడుతుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు ఏళ్లుగా తన జోరు పెంచుకుని ఉంటుంది. మందు ఒక్కసారిగా ఆపితే ఆ జోరుకు అడ్డు ఉండదు. కొన్ని గంటల్లోనే చెమటలు, వాంతులు, వణుకు మొదలవుతాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా లుంగీ మీద ఒలుకుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద లేని పురుగుల్ని దులుపుతారు, దుప్పటి పీకుతారు, పెళ్లాన్ని పట్టుకుని ‘ఎవరు నువ్వు’ అంటారు. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మన ఊళ్లలో గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే బయట గొళ్లెం పెట్టమంటున్నాడు ఈ మహానుభావుడు!

‘పోయినసారి ఆపినప్పుడు ఏమీ కాలేదే’ అనే ధీమా కూడా పనికిరాదు. ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం పదేపదే జరిగేకొద్దీ ఆపినప్పటి బాధ ముదిరే అవకాశం ఉంది.

ఆస్పత్రిలో మెదడు జోరును నెమ్మదింపజేసే క్లోర్‌డయజెపాక్సైడ్ లాంటి మాత్రలు ముందు తగినంత మోతాదులో ఇచ్చి, కొన్ని రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. థయమిన్ అనే బి1 విటమిన్ కూడా ఇస్తారు. ఇదేదో బలం మందు అనుకోవద్దు. తాగేవాడు సరిగా తినడు కాబట్టి ఒంట్లో అది అడుగంటి ఉంటుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీతో బి1 లేకుండా వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. రోగం కాదంటారా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా తన కిందికి తెచ్చింది. గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది.

ఇక పొడి. అందులో ఏముందో అమ్మేవాడు చెప్పడు. డైసల్ఫిరామ్ అనే అసలు మందు ఒకటుంది. 1940ల చివర్లో డెన్మార్క్‌లో తాగుడుకు దాని వాడకం మొదలైంది. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ఆ సంగతి ముందే తెలిసి, ఒప్పుకుని వేసుకుంటేనే ఆ భయం పనిచేస్తుంది. చెప్పకుండా సంగటిలో కలిపితే గుండె జబ్బున్నవాడు బతికి బయటపడతాడన్న గ్యారంటీ లేదు. క్యాజువాలిటీలో డాక్టరుకు చెప్పడానికి అతనికే ఏమీ తెలియదు.

దేవుడి మాల వేసుకుని మానే సంగతి మెసేజ్‌లో లేదు గానీ, మన దగ్గర ఎవరైనా అడిగేదే. బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లు పాండురంగస్వామి గుడికి తాగుడు మానాలని మాల వేసుకోవడానికే వస్తారు. నేను దాన్ని తీసిపారేయను. పదిమంది ముందు చెప్పిన మాట, తోడు నడిచే జనం చిన్న బలం కాదు. రోజూ తాగేవాడైతే మాలకు ముందు డాక్టరు దగ్గరికి పోవాలి, అంతే.

నెల్లాళ్లకు నయమైపోవడం ఉత్త మాట. నెలకు ఒళ్లు కుదుటపడుతుంది. శెనక్కాయలు అమ్మిన డబ్బు జేబులో పడ్డరోజు, జాతర రోజు, ‘ఒక్క పెగ్గే గదన్నా’ అని పాత దోస్తు భుజం మీద చెయ్యేసిన రోజు మాత్రం అలాగే ఉంటాయి. అందుకే తాగాలన్న యావను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు నెలల తరబడి వాడిస్తారు. 1935లో అమెరికాలో మొదలైన, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లు ‘ఈ ఒక్కరోజు తాగను’ అనే చెప్పుకుంటారు. ఎప్పుడో ఒకసారి జారితే అప్పటిదాకా నిలబడింది బూడిద కాదు. తిట్లకు దడిచి అతను దాక్కోకముందే, అదే వారం మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

ఇల్లాలి మీద వేసిన చురకకు ఎక్కువ మాటలు దండగ. అతను రానని మొండికేసినా, ఏం చేయాలో ఆమె తాగుడు, మత్తు మానడానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి అడగొచ్చు. అతను ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, రోజుకు ఎంత పడుతుంది, ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా? డాక్టరు మొదట అడిగేవి ఇవే. వీటికి సరైన జవాబు చాలా ఇళ్లలో ఆమె దగ్గరే ఉంటుంది.