అదృశ్య దారంగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అదృశ్య దారంగారి దివ్యసముఖమునకు,

హ్యూస్టన్ శివార్లలో ఉంటూ పాత చీరల ముక్కలతో క్విల్టులు కుట్టుకునే ఒక మనిషి నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ అందరం క్షేమం, నా కళ్ళు తప్ప. దివ్యసముఖమని రాశాను గానీ, తమరి ముఖం ఎటువైపు ఉంటుందో నాకు ఇంతవరకూ తెలీదు. రీలు విప్పిన దగ్గర్నుంచీ కొస కోసం వెతుకుతూనే ఉన్నాను.

తమరిని ఎరగని పాఠకుల కోసం రెండు ముక్కలు. క్విల్టు మన బొంతకి దూరపు చుట్టం. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో దూది పొర, కింద అస్తరు. ఈ మూడూ జారకుండా కలిపి కుట్టడమే క్విల్టింగ్. ఆ కుట్టు మిషన్ మీద వేసినప్పుడు పైకి కనపడకూడదు అనుకుంటే తమరిని పిలుస్తారు. తమరు ఒంటిపోగు. నూలుదారంలా పీచులు పేని చేసినవారు కారు. లేతరంగు గుడ్డలకి 'క్లియర్' అని, ముదురు గుడ్డలకి 'స్మోక్' అని రెండు అవతారాల్లో వస్తారు. రెండూ కనపడవు గనక ఏ పెట్టెలో ఏది ఉందో చూసుకోవడం మా కర్మ.

తమరి మర్యాదల సంగతి చెప్పాలి. మామూలు దారమైతే కొసని నోట్లో తడిపి, వేళ్ళతో నలిపి, బెజ్జంలోకి దూర్చేస్తాం. తమరు తడవరు, నలగరు. మందం 0.1 మిల్లీమీటరు. బెజ్జంలోకి వెళ్ళారో పక్కనుంచి జారుకున్నారో కంటికీ తెలియదు, వేలికీ తెలియదు. మిషన్ నాలుగంగుళాలు నడిచి, గుడ్డ మీద ఉత్త కన్నాలు వరసగా పడ్డాక తెలుస్తుంది. అందుకని కొసకి నల్ల మార్కరు పూస్తాం. కనపడకూడదని ఏరికోరి కొన్న దారానికి, కనపడాలని రంగు!

అక్కడితో అయిందా? రీలు మీద తమరు కుదురుగా ఉండరు. చుట్టలు చుట్టలుగా కిందకి జారి, రీలు నిలబెట్టే పుల్లకి మెడకి ఉరేసినట్టు బిగుసుకుంటారు. మిషన్ ఒక్కసారి గుంజుతుంది, టప్. అందుకని రీలుకి వలతొడుగు, మిషన్ వెనకాల విడిగా ఒక స్టాండు. పైటెన్షన్, అంటే మిషన్ పైదారాన్ని పట్టి ఉంచే బిగువు, బాగా తగ్గించాలి. సూది 60 నంబరో 70 నంబరో ఉండాలి, లావుపాటిది అయితే దాని కన్నాలే తమరి గుట్టు బయటపెడతాయి. మిషన్ కింద ఉండే చిన్న చుట్ట, అదే బాబిన్‌లోకి ఎక్కించాలంటే నెమ్మదిగా, సగానికే చుట్టాలి. తొందరపడి చుడితే తమరు సాగుతారు, తర్వాత తీరిగ్గా ముడుచుకుంటారు, ప్లాస్టిక్ బాబిన్ వంకరపోతుంది. మా ఇంటికి వచ్చిన కొత్తల్లుడికి కూడా ఇన్ని జరగలేదు. అల్లుడు కనీసం సోఫాలో కూర్చున్నప్పుడు కనిపించాడు.

సూది కోసం సోదికెళితే పాత బాగోతాలన్నీ బయటపడ్డాయంటారు. తమరి టెన్షన్ ఎంత పెట్టాలో తెలుసుకుందామని వెళితే నాకు తమరి వంశచరిత్ర దొరికింది. 1935లో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం చేతుల్లో నైలాన్ పుట్టింది. 1938లో బజారుకి వచ్చింది పళ్ళు తోముకునే బ్రష్షు కుచ్చుగా. 1940లో అమెరికా ఆడవాళ్ళ మేజోళ్ళయింది. అంటే తమరి వంశం మనుషుల నోట్లోంచి బయల్దేరి, కాళ్ళమీదుగా మా బొంతల్లోకి చేరిందన్నమాట.

చుట్టాల్లో చేపల గేలానికి కట్టే తంగూసు ఉంది. అది పాపం పనిమంతురాలు, ఎక్కడా గొప్పలు పోదు. ఇంకొకాయన ఉన్నాడు, చైనా మాంజా. సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాద్‌లో పిట్టల రెక్కలూ, బండ్ల మీద వెళ్ళేవాళ్ళ మెడలూ కోస్తాడు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా ఆయన్ని నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంది, ఆయన కరెంటు తీగల మీద ఉన్నాడు. కనపడకుండా తిరగడం మీ ఇంటావంటా ఉన్న విద్యేనని అప్పుడు అర్థమైంది.

తమరిలోనూ రెండు శాఖలు: నైలాన్ ఒకటి, పాలిస్టర్ ఒకటి. రీలు మీద చూస్తే ఇద్దరూ కవలలే. తేడా ఇస్త్రీపెట్టె కింద తెలుస్తుంది. ఇస్త్రీపెట్టె మీద వేడిని చుక్కల్లో గుర్తుపెడతారు: నూలుగుడ్డకి మూడు చుక్కలు, అంటే 200 డిగ్రీలు. పాలిస్టర్‌కి రెండు చుక్కలు, 150. నైలాన్‌కి ఒకే చుక్క, 110. నూలు ముక్కలన్నీ అతికి, తమరితో కుట్టి, ముడతలు పోవాలని మూడు చుక్కలు పెడితే తమరు మాకు మిగతా చుక్కలన్నీ చూపిస్తారు. నైలాన్ శాఖవారికి ఇంకో గుణం ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపుపచ్చగా తిరుగుతారు, పెళుసుబారతారు. అంటే కొత్తలో కనపడని కుట్టు, ముసలితనంలో కనపడుతుంది. సరిగ్గా క్విల్టు వారసులకి ఇచ్చే సమయానికి.

ఇంతకీ తమరిని నెత్తికెక్కించుకున్నది ఎందుకు? అసలు కథ ఇదే. అమెరికాలో చాలాకాలం క్విల్టింగ్ అంటే చేతికుట్టే. మిషన్ కుట్టు వేస్తే ముక్కున వేలేసుకునేవాళ్ళు. అప్పుడు తమరు ఆపద్బాంధవుల్లా వచ్చారు. పైన తమరు, కింద బాబిన్‌లో నూలుదారం. ఈ ఒక్క పనికి మాత్రం పైటెన్షన్ తగ్గించకుండా కొంచెం బిగిస్తే కింది నూలుదారం ప్రతి కుట్టు దగ్గరా చుక్కలా పైకి తేలుతుంది. చుక్కకీ చుక్కకీ మధ్య తమరుంటారు గానీ ఎవరికీ కనపడరు. చూసేవాళ్ళకి అచ్చం చేతికుట్టు! ఈ దొంగసాక్ష్యం ఎంత చక్కగా చెప్పారంటే, ఈ పద్ధతిని ఇప్పటికీ గొప్ప చిట్కాగా నేర్పిస్తున్నారు.

తర్వాత 1989 వచ్చింది. కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ప్రదర్శన. కారల్ బ్రయర్ ఫాలర్ట్ మిషన్ మీద కుట్టిన 'కరోనా 2: సోలార్ ఎక్లిప్స్' అనే క్విల్టుకి అన్నిటికన్నా పెద్ద బహుమతి వచ్చింది. మిషన్ క్విల్టింగ్‌కి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. గొడవ జరగకుండా ఎలా ఉంటుంది, జరిగింది. కానీ ఆ క్విల్టు ఇప్పుడు అదే ఊళ్ళో జాతీయ క్విల్ట్ మ్యూజియం సొత్తు. మిషన్ కుట్టుకి సిగ్గుపడాల్సిన రోజులు అక్కడితో చెల్లిపోవాలి కదా?

చెల్లిపోయాయి. తమరు మాత్రం పోలేదు. ఇప్పుడు మేం చెప్పే కారణం వేరు: "డిజైన్ ముందుకి రావాలి, దారం వెనక్కి తగ్గాలి." వినడానికి ఎంత కళాత్మకంగా ఉంది! అసలు సంగతి, వంపు తిప్పేటప్పుడు చెయ్యి వణికింది. ఒక కుట్టు ఆవగింజంత, పక్క కుట్టు చింతగింజంత పడింది. తమరు దాన్ని కడుపులో పెట్టుకుని దాచారు. అందుకే తమరంటే మాకింత ప్రేమ. ఇక్కడ మా హ్యూస్టన్‌లో ఏటా శరదృతువులో జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో క్విల్టుల పండగ జరుగుతుంది. అక్కడి దీపాల వెలుగు ఏటవాలుగా పడితే నైలాన్ కుట్టు తళుక్కుమంటుంది. దాచినవన్నీ వరసగా, ఒక్క వంకరా పొల్లుపోకుండా.

మా ఊళ్ళో బొంతలు కుట్టేవాళ్ళకి ఈ బాధ లేదు. పాత నూలుచీరలు నాలుగు పొరలుగా పరిచి, దబ్బనంతో, లావుపాటి తెల్లదారంతో బారుకుట్లు. ముదురు చీరమీద ఆ తెల్ల కుట్టు ఆమడ దూరానికి కనిపించేది. కుట్టు పొడవు చూసి, ఇది ఫలానావాళ్ళ చేతి పని అని చెప్పేవాళ్ళు. కుట్టు వంకరపోయిందని చలికాలంలో బొంత కప్పుకోవడం మానేసినవాళ్ళని నేనెరగను.

అలాగని తమరిని గెంటేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పోచంపల్లి ఇక్కత్ ముక్క పక్కన గద్వాల్ అంచు, దాని పక్కన నల్ల వెంకటగిరి ముక్క వచ్చినప్పుడు ఏ రంగు నూలుదారం ఎక్కించినా ఒకచోట అందం, ఇంకోచోట మచ్చ. ముక్కముక్కకీ దారం మార్చే ఓపిక ఎవరికుంది? అక్కడ తమరే దిక్కు. రెండు ముక్కలు కలిసిన అతుకు సందులో కుట్టు పరిగెత్తించాలన్నా, పైన అతికిన పువ్వు రేకు అంచున సన్నటి జిగ్‌జాగ్ వేయాలన్నా తమరికి సాటి లేరు, ఒప్పుకుంటాను. పసిపిల్లల బొంతల జోలికి మాత్రం రావద్దు. ఎక్కడైనా తెగి ఉచ్చులా లేచిందంటే చిట్టివేలికి చుట్టుకుంటుంది. కనపడదు గనక ఏడుపు ఎందుకో తల్లికి వెంటనే తెలియదు. ఈ ఒక్క విషయంలో నాకు వెటకారం రావడం లేదు.

కాబట్టి ఇకమీదట మన ఒప్పందం ఇదీ. అతుకు సందులు తమరివి. బయట మైదానం, అంటే తీగలూ పువ్వులూ వంపులూ, నావి. అక్కడ నేను నెమలికంఠం రంగు నూలుదారం వాడతాను, వంకరైతే వంకర.

చివరి మనవి ఒకటి. కొన్ని రీళ్ళ మీద 'ఇన్విజిబుల్' అన్న మాట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లోపలున్నది నైలానో పాలిస్టరో మాత్రం భూతద్దం పెట్టినా దొరకదు. దయచేసి ఆ రెండో మాట కూడా అంతే లావు అక్షరాల్లో అచ్చు వేయించండి. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు మాకు తెలియాలి.

ఇట్లు,
తమరి కొస ఇంకా పట్టుకోలేని విధేయురాలు