మాస్టారి లాప్‌టాప్ తుక్కెలా అవుతుంది?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చింది. బహుశా మీకూ వచ్చే ఉంటుంది. ‘విండోస్ 10 కాలం తీరిపోయింది, 2018కి ముందు కొన్న కంప్యూటర్లన్నీ తుక్కే. విండోస్ బదులు వేసుకునే లైనక్స్ ఉచితమే కానీ కమాండ్లు రానివాళ్లకు పనికిరాదు. అందులో తెలుగు రాదు. ఊరికే ఇచ్చేదానికి భద్రత ఏముంటుంది?’ ఇది చదివి మూడో అంతస్తు మాస్టారు తన లాప్‌టాప్‌ను పాత సామాన్లవాడికి ఇవ్వబోయారు.

కాలం తీరిందన్నంత వరకు నిజమే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామని మైక్రోసాఫ్టే ప్రకటించిన సంగతిని సందేశం మింగేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. మాస్టారిది మూడో తరం ఐ3, ర్యామ్ 4 జీబీ. విండోస్ 11 గడప తొక్కలేదు, సరే. లైనక్స్‌లో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకానికి కనీసం 2 జీబీ ర్యామ్ చాలు, 4 ఉంటే సుఖం.

ఇక్కడ లైనక్స్ అభిమానులతోనూ నాకు పేచీ ఉంది. సిస్టమ్ మార్చగానే పాత మెషీన్ గుర్రమైపోతుందంటారు. కాదు. పది ట్యాబులు తెరిస్తే బ్రౌజర్ ఎక్కడైనా ర్యామ్ తినేస్తుంది. మాస్టారి లాప్‌టాప్‌ను అసలు కుంగదీసింది అందులో గిరగిరా తిరిగే పాత హార్డ్ డిస్క్. వెనక మూత విప్పి దాని స్థానంలో తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, ఎస్ఎస్‌డీ బిగించాం. ఇదివరకు ఆయన స్విచ్ నొక్కి కాఫీ కలుపుకుని వచ్చేవారు. ఇప్పుడు పాలు వేడెక్కేలోపే డెస్క్‌టాప్ వచ్చేస్తోంది. ఈ వేగంలో సగం పైగా వాటా ఎస్ఎస్‌డీదే.

కమాండ్ల మాటకొస్తే, కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్లుగా లైనక్స్ మీదే పాఠాలు నేర్చుకుంటున్నారు. నమ్మకం లేకపోతే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు, లోపలి విండోస్‌ను ముట్టుకోనక్కరలేదు. వైఫై, శబ్దం, తెర వెలుతురు అన్నీ పనిచేస్తున్నాయో లేదో అప్పుడే చూసుకోండి. మాకు వైఫై మొరాయించింది. ఫోనును కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్‌లో ఒక బటన్ నొక్కితే దారికొచ్చింది. మాస్టారు ఒక్క కమాండ్ కూడా టైపు చేయలేదు.

తెలుగు రాదన్నది శుద్ధ అబద్ధం. ఐబస్ అనే టైపింగ్ సాధనం ద్వారా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ ఉంది. పోతన, వేమన ఫాంట్లు డెబియన్ అనే మరో లైనక్స్ రకం సాఫ్ట్‌వేర్ భాండారంలోనే దొరుకుతాయి. అయితే అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పుస్తకాలు పేర్చే డీటీపీవాళ్లను లైనక్స్‌కు రమ్మని నేను అనను. ఆ పాత ఫైళ్లు ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లో లేవు, వాళ్ల పనంతా విండోస్‌తో ముడిపడి ఉంది. డిజిటల్ సంతకం టోకెన్ వాడే ఆడిటర్లు కూడా ముందు దాని సాఫ్ట్‌వేర్ లైనక్స్‌కు ఉందో లేదో కనుక్కోవాలి.

భద్రత గురించి చెప్పేదేముంది? మింట్ 22కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి, నయాపైసా అడగరు.

తుక్కు అనే మాటకు దగ్గరగా వచ్చేవి 2008 నాటి ఆటమ్ ఎన్270 చిన్న లాప్‌టాప్‌ల వంటి 32 బిట్ ప్రాసెసర్ల పాత తరం యంత్రాలు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. డెబియన్ 12, యాంటిఎక్స్ వంటి లైనక్స్ రకాలతో నెట్టుకురావచ్చు కానీ యూట్యూబ్ మీద ఆశ వదులుకోవాలి. సందేశం రాసినాయన వీటి గురించే చెప్పి ఊరుకుంటే నేనూ తలూపేవాణ్ని.

మాస్టారి పాత లేజర్ ప్రింటర్ మాత్రం ఇంకా మాట వినడం లేదు. ఆదివారం దాని పని పడతాం.