తాళం వేసిన ఇంట్లో 124 మంది

మా అపార్ట్‌మెంట్‌లో మనుషులకి పేర్లుండవు, నంబర్లుంటాయి. "201 గారు" అంటే ప్రెసిడెంటు. "103 గారు" అంటే పబ్లిక్ హెల్త్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన పెద్దాయన. "304 కుర్రాడు" అంటే ఏదో కంపెనీలో డేటా అనలిటిక్స్ చేస్తాడట. అంటే ఏమిటో ఆ ఆదివారం దాకా మాకెవరికీ తెలీదు.

మియాపూర్ వైపు ఐదంతస్తుల బిల్డింగు, అంతస్తుకి నాలుగు చొప్పున 20 ఫ్లాట్లు. ఫిబ్రవరి రాగానే బోరు నీళ్లకి బదులు గాలి వదుల్తుంది, ఇక ట్యాంకర్లు మొదలు. ఆ బిల్లు చదరపు అడుగుల లెక్కన పంచితే చిన్న సంసారాల వాళ్లు ఒప్పుకోరు, సమానంగా పంచితే చిన్న ఫ్లాట్ల వాళ్లు ఒప్పుకోరు. చివరికి ఫ్లాటుకో మీటరు బిగించి, వాడినవాళ్లే కట్టాలని తీర్మానించారు. మూడు నెలల రీడింగులు వాచ్‌మన్ పుస్తకంలో రాశాడు. వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించి "విజువల్‌గా" చూపించే బాధ్యత 304 కుర్రాడి మీద పడింది.

మీటింగు సెల్లార్‌లో. తెల్లగోడ అంటే ఒక్కటే ఉంది, దానికి కుడివైపు కరెంటు మీటర్ల బోర్డు. ప్రొజెక్టర్ వెలుగు సగం గోడ మీదా సగం బోర్డు మీదా పడింది.

ముందు పివట్ టేబుల్, అంటే ఏ ఫ్లాటు మొత్తం ఎంత వాడిందో కూడి చూపించే పట్టిక, వేశాడు. 101కి 3, 102కి 3, 103కి 3, అలా 504 దాకా అందరికీ 3. ప్రెసిడెంటు గారు పరమానందపడిపోయారు. "చూశారా, మన అపార్ట్‌మెంట్‌లో ఎంత క్రమశిక్షణో! అందరూ సమానంగా వాడుతున్నారు." అసలు సంగతేమిటంటే, వాచ్‌మన్ ఒకచోట "14 కిలో" అని అక్షరాలతో రాస్తే కుర్రాడు అలాగే ఎక్కించాడు. నిలువు వరుసలో ఒక్క గడిలో అక్షరాలు కనపడినా పివట్ టేబుల్ కూడికలు మానేసి గడుల్ని లెక్కపెడుతుంది. మూడు నెలలు, మూడు గడులు, మూడు. పాపం అది కనిపెట్టి సరిచేయడానికి కుర్రాడు ఒక చాయ్ తాగాల్సి వచ్చింది.

"టేబుల్స్ వద్దంకుల్, గ్రాఫ్ వేస్తా" అన్నాడు. ఏప్రిల్ నెల ఎంచుకుని, ఫ్లాట్ నంబరు, వాడకం, రెండు వరుసలూ సెలెక్ట్ చేసి ఒక్క నొక్కు నొక్కాడు. గోడ మీద నీలం కమ్మీలు లేచాయి. మనం ఏడో తరగతి గ్రాఫు పుస్తకంలో రంగు పెన్సిల్‌తో నింపినవే. మొదటి నాలుగూ పొట్టి, తర్వాత నాలుగూ కాస్త పొడుగు, చివరి నాలుగూ ఆకాశంలో. చక్కగా మెట్లు కట్టినట్టుంది. ఏ రంగు దేనికో చెప్పే లెజెండ్ మాత్రం సరిగ్గా కరెంటు మీటర్ల బోర్డు మీద పడి ఎవరికీ కనపడలేదు.

"కింద నారింజరంగులో గరికలా ఏదో ఉందేమిటి?" అని అడిగారెవరో.

"అది డిజైన్ అయ్యుంటుంది లెండి" అన్నారు సెక్రటరీ గారు.

గ్రాఫులో ఉన్న మహిమ ఏమిటంటే, అది కనపడ్డ మరుక్షణం ప్రతివాళ్లకీ కారణం తెలిసిపోతుంది. 204 ఆవిడ "నే ముందునుంచీ చెప్తూనే ఉన్నా, పైవాళ్ల కుండీలు చూడండి, అడవి పెంచుతున్నారు" అన్నారు. 102 ఆయన "ట్యాంకు పక్కనే ఉన్నాక ముందు వాళ్లే తోడేసుకుంటారు, మనకి అడుగూ బొడుగూ" అన్నారు. అందరూ 103 గారి వైపు తిరిగారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "నిజానికి ట్యాంకుకి దగ్గరున్న పై అంతస్తుకే ప్రెషర్ తక్కువ, ధార సన్నం. వాడకం కూడా తగ్గాలి" అన్నారు. మళ్లీ గోడ వైపు చూసి, "కానీ గ్రాఫు ఇంత స్పష్టంగా ఉంటే..." అని నసిగారు. సర్వీసంతా పైపుల మధ్య గడిపిన మనిషి ఒక రంగుబొమ్మకి లొంగిపోవడం కళ్లారా చూశాం.

అన్నిటికన్నా పొడుగు కమ్మీ చిట్టచివరది, 504. ఆవిడ లేచి నిలబడ్డారు. "మేమిద్దరం మూడు నెలలు డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గరున్నాం. వచ్చి వారం కాలేదు. ఇంటికి తాళం!"

సెల్లారంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అందరి చూపులూ వాచ్‌మన్ మీదికి వెళ్లాయి. అతను వెంటనే "నా దగ్గర తాళం చెవి లేద్సార్" అన్నాడు.

"అంకె చెప్పు బాబూ, ఎంత వాడామట?" అని అడిగారావిడ. కుర్రాడు మౌస్ తీసుకెళ్లి కమ్మీ మీద పెట్టాడు. 504 అని వచ్చింది.

"504 ఏమిటి?"

"కిలోలీటర్లు ఆంటీ."

103 గారిలో ఇంజినీరు ఒళ్లు విరుచుకున్నాడు. సెల్‌ఫోన్ తీసి లెక్క కట్టారు. "నెలకి 5,04,000 లీటర్లు. రోజుకి 16,800. నగరంలో మనిషికి రోజుకి 135 లీటర్లని లెక్క. అంటే..." ఒకసారి కాదు రెండుసార్లు నొక్కి చూసుకున్నారు. "మీ ఇంట్లో 124 మంది ఉండాలమ్మా."

"తాళం వేసిన ఇంట్లోనా?"

ఇంతలో 503 ఆయన, వరంగల్ మనిషి, "మాదెంతున్నది జర చూడు" అన్నారు. మౌస్ పెడితే 503. "చూసిన్రా! మేం పక్కోళ్లకన్న ఒకటి తక్కువనే వాడినం" అని ధీమాగా కూర్చున్నారు. 502 వాళ్లకి ఇంకొకటి తక్కువొచ్చింది, వాళ్లూ సంతోషించారు. ఈ లెక్కన 401 దాకా వచ్చేసరికి కుర్రాడి మొహం పాలిపోయింది. నీలం కమ్మీలు నీళ్లు కావు, ఫ్లాట్ నంబర్లే. నంబరు కూడా అంకే కాబట్టి ఎక్సెల్ దాన్నీ నిలబెట్టేసింది. అసలు నీళ్లు ఆ అడుగున ఉన్న నారింజ గరిక.

503 ఆయన మాత్రం చాలాసేపటిదాకా ఒప్పుకోలేదు. ఆ ఒకటి తక్కువ ఆయనకి నచ్చింది.

ఇక కుర్రాడు పరువు దక్కించుకోవడానికి ఉన్నవన్నీ వేయడం మొదలెట్టాడు. పై చార్టు, అంటే గుండ్రటి రొట్టెని ముక్కలు కోసినట్టుండే బొమ్మ, వేశాడు. 1801లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లాండ్ పెద్దమనిషి పై చార్టు కనిపెట్టినప్పుడు టర్కీ సామ్రాజ్యమంతటినీ యూరప్, ఆసియా, ఆఫ్రికా అని మూడు ముక్కల్లో సరిపెట్టాడు. మావాడు 20 ముక్కలు కోశాడు, అదీ త్రీడీలో. ముందున్న ముక్క వెనకున్న దానికన్నా పెద్దదిగా కనపడుతోందని 303 వాళ్లు అలిగారు. తర్వాత ట్యాంకర్లకి లైన్ గ్రాఫు. 42 నుంచి 47కి పెరిగాయంతే, కానీ గీత మొదలయ్యే చోటు 40 దగ్గర పెట్టడంతో ఫిబ్రవరికి ఏప్రిల్ మూడున్నర రెట్లున్నట్టు గోడంతా పాకింది. సెక్రటరీ గారు గుండె పట్టుకున్నారు.

చివరికి బాక్స్ ప్లాట్ తీశాడు. జాన్ టూకీ అనే అమెరికా గణాంక శాస్త్రవేత్త 1977లో రాసిన పుస్తకంతో దానికి పేరొచ్చిందని అతనే చెప్పాడు. మధ్యలో ఒక డబ్బా, సగం ఫ్లాట్లు అందులో ఉంటాయి. పైకీ కిందికీ మీసాలు. మరీ తేడాగా ఉన్నవాళ్లు మీసాలకి అవతల చుక్కలై మిగులుతారు. నాకైతే అన్నిట్లోకీ ఇదే నచ్చింది. ఎవరి పేరూ ఎత్తకుండా ఎవరి సంగతో చెప్పేస్తుంది.

రెండు చుక్కలు కనపడ్డాయి. కింద ఒకటి, సున్నా దగ్గర. తాళం వేసిన 504. ఆవిడ చుట్టూ చూసి, కొంగు సర్దుకుని కూర్చున్నారు.

పైన ఒకటి, 38 దగ్గర. మిగతా అందరూ 11కీ 19కీ మధ్య ఉన్నారు.

"ఆ చుక్కెవరు?" అన్నారు 103 గారు. కుర్రాడు టేబుల్లో వెతికాడు. దొరికింది గానీ చెప్పలేదు. వాచ్‌మన్ మెల్లిగా "రెండు కార్లూ రోజూ పైపుతో కడుగుతున్నా గద్సార్, 201 సార్‌వి" అన్నాడు.

ప్రెసిడెంటు గారు ఏమాత్రం తొణకలేదు. గోడ దగ్గరికి నడిచి, ఆ చుక్క మీద వేలు పెట్టి చూపించారు. "మీ అందరికీ ఇంత లావు డబ్బా. నాకేమో ఇదిగో, ఇంత. నేను వాడింది ఒక్క చుక్కని గ్రాఫే చెప్తుంటే ఇంకా అనుమానమెందుకండీ?"

సెక్రటరీ గారు మినిట్స్ పుస్తకం తెరిచి, "201: ఒక్క చుక్క" అని రాసుకున్నారు.